బతికుంటే బలుసాకు

"బతికుంటే బలుసాకు తిని బతకొచ్చు" అని మా వైపు ఇప్పటికీ అంటారు. ఉద్యోగం పోయినా, మిర్చి రేటు పడిపోయినా, కుదిరిన పెళ్ళి చెడినా అదే మాట. అనేవాళ్ళలో బలుసు చెట్టును చూపించమంటే చూపించగలిగేవాళ్ళు ఎంతమంది ఉంటారో నాకు అనుమానమే. మా జగ్గయ్యపేట మండలంలో బలుసుపాడు అని ఒక ఊరుంది. అదే మండలంలో గరికపాడు, రావిరాల ఉన్నాయి. పక్కనే వత్సవాయి మండలంలో పెద మోదుగపల్లి, చిన మోదుగపల్లి. చందర్లపాడు వైపు చింతలపాడు. హైవే మీద చిల్లకల్లు. ఈ పేర్లన్నీ నిజంగా చెట్ల మీదే పుట్టాయో, కొన్ని మరో మాటనుంచి అరిగి ఇలా మారాయో తేల్చే పాండిత్యం నాకు లేదు. చెవికి మాత్రం చెట్లే వినపడతాయి. హైదరాబాద్ నుంచి విజయవాడకి బస్సులో వెళ్తూ సరిహద్దు దాటాక ఊళ్ళ బోర్డులు చదువుకుంటూ పోతే, ఒకప్పుడు ఈ మెట్టలో ఏం మొలిచేదో ఒక చిట్టా తయారవుతుంది. బోర్డు వెనక కనపడేది వేరు. సర్కారు తుమ్మ, సుబాబుల్, సిమెంటు ఫ్యాక్టరీ గొట్టం.

కిందటేడు తొలకరికి ముందు హైదరాబాద్‌లో మా స్నేహితులు కొందరు విత్తన బంతులు చేశారు. ఎర్రమట్టి, పేడ, మధ్యలో గింజ. రెండు ఆదివారాలు కూర్చుని బస్తాలకొద్దీ చుట్టారు. మంచి పిల్లలు, ఫోటోల కోసం చేసే రకం కాదు. "మీ జగ్గయ్యపేట వైపు గుట్టలన్నీ బోడిగా ఉంటాయి కదా, వానలు పడగానే వెళ్ళి విసిరేసి వద్దాం" అన్నారు. బస్తాలో ఏమున్నాయని అడిగాను. వేప, రేల, సీతాఫలం, నిద్రగన్నేరు, దొరికినన్ని సుబాబుల్ గింజలు. నేను రెండు విషయాల దగ్గర ఆగిపోయాను. ఒకటి, సుబాబుల్. రెండోది, 'బోడి' అన్న మాట. ఈ వ్యాసం ఆ రెండో మాట గురించే.

ఆ గుట్ట మీద ఏమీ లేదని ఎవరు, ఎప్పటినుంచి అనుకుంటున్నారు?

జగ్గయ్యపేట పేరు పాతదేమీ కాదు. అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు, బేతవోలు అనే ఊరిని పెంచి తండ్రి జగ్గన్న పేరు పెట్టాడు. తల్లి అచ్చమ్మ పేరు మీద అచ్చంపేట కట్టాడు. ఇది పద్ధెనిమిదో శతాబ్దం చివరి సంగతి. అంతకుముందు చాలా కాలం వెనక్కి వెళ్తే ఊరి పక్క ధనంబోడు గుట్ట మీద బౌద్ధ స్తూపం ఉంది. 1882లో జేమ్స్ బర్జెస్ అక్కడ తవ్వించాడు. ఆకాశంలోకి చెయ్యెత్తిన చక్రవర్తి మీద మేఘాల్లోంచి చదరపు నాణేలు రాలే శిల్పం అక్కడిదే. ఇప్పుడది చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని ఇరవయ్యో ఏట సిద్ధార్థుడనే శిల్పి నిలబెట్టించిన ఆయక స్తంభాల మీద శాసనాలున్నాయి. వాటిలో ఆ ఊరి పేరు వెలగిరి. వెలగచెట్టుకీ ఈ పేరుకీ సంబంధం ఉందని నేను అనను. అనాలని మాత్రం ఉంది.

అదే 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ఒకే సంవత్సరంలో ప్రభుత్వం మా వైపు గుట్టల్ని రెండు రకాలుగా చూసిందన్నమాట. ఒక చేత్తో రాళ్ళు తీసుకుపోయి పుస్తకంలో అచ్చువేసింది. ఇంకో చేత్తో కొండలకి గీతలు గీసి 'రిజర్వు' చేసుకునే అధికారం తెచ్చుకుంది. జమీందారీ గుట్టలకి ఆ గీతలు అప్పుడే పడలేదు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే చాలా భూమి సర్కారు చేతికి వచ్చింది. కానీ చూపు మాత్రం 1882 నాటిదే కొనసాగింది. కలప ఇచ్చేది అడవి, ఇవ్వనిది బంజరు. మా మెట్టలో ఉన్నది రెండో రకం. ఎండు ఆకురాల్చే అడవి, ముళ్ళ పొదలు. బలుసు, రేగు, పరికి, కలివి, జాన, తంగేడు, పులిచేరు, ఊడుగ. మధ్యమధ్యలో చండ్ర, బిల్లుడు, మోదుగ, తణుకు, సోమిడ. ఏడెనిమిది నెలలు ఎండిపోయి బూడిదరంగులో ఉంటుంది. మే నెలలో కారు అద్దంలోంచి చూసినవాడికి అది చచ్చిపోయిన నేలే. జూలైలో నడిచి చూసినవాడికి కాదు.

చట్టానికి వందేళ్ళ ముందే ఈ చెట్లను ఇంకో రకంగా చూసిన మనిషి ఒకడున్నాడు. కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్. 1780లలో సామర్లకోటలో మకాం పెట్టి, 1793లో కలకత్తా వెళ్ళేదాకా, కోరమాండల్ తీరం మొక్కల్ని పోగుచేసి బొమ్మలు గీయించాడు. 1795 నుంచి అవి పెద్ద సంపుటాలుగా లండన్‌లో వచ్చాయి. ఆయన ఆసక్తి నిస్వార్థమైనదేం కాదు. మందు, రంగు, కలప, మిరియం, ఏది అమ్మకానికొస్తుందో వెతికాడు. దక్షిణ అమెరికా జ్వరం బెరడుకి బదులు పనికొస్తుందని ఒక చెట్టును ప్రచారం చేశాడు. దాన్ని మనవాళ్ళు ఏమని పిలుస్తారో కూడా రాసుకున్నాడు. సోమిడ. తర్వాత వృక్షశాస్త్రజ్ఞులు ఆ తెలుగు మాటనే ప్రజాతి పేరుగా ఖాయం చేశారు. ప్రపంచంలో ఏ హెర్బేరియంలో ఆ చెట్టు రెమ్మ ఉన్నా దాని చీటీ మీద ఒక తెలుగు మాట లాటిన్ వేషంలో ఉంటుంది. ఆ పేరు ఆయనకి చెప్పినవాళ్ళెవరో, బొమ్మలు వేసిన చిత్రకారులెవరో ఆ పుస్తకంలో లేరు. నాకు ఎప్పుడూ గుచ్చుకునేది అదే. వీళ్ళకి చెట్టు తెలుసు కాబట్టే ఆయనకి తెలిసింది.

మళ్ళీ బలుసు దగ్గరికి వద్దాం. సామెత ఊరికే పుట్టలేదు. 1832-33 నందన కరువు నదికి అవతల గుంటూరు సీమను దాదాపు తుడిచిపెట్టింది, ఇవతల మచిలీపట్నం జిల్లాను కూడా వదల్లేదు. 1876-78లో ధాత కరువు. పంట పోయినప్పుడు జనం వెళ్ళేది గుట్టకే. బలుసాకు, తుమ్మి, గడ్డలు, రేగుపళ్ళు, మోదుగ ఆకుల విస్తళ్ళు. బలుసు వాననీటి మీదే బతుకుతుంది, మేకలు కొరికినా మళ్ళీ చిగురిస్తుంది, ఒళ్ళంతా ముళ్ళు. దాన్ని ఎవరూ నాటరు, ఎవరూ నీళ్ళు పోయరు. అందుకే ఆఖరి తిండి అయింది. నందన కరువు తర్వాత బెజవాడ దగ్గర ఆనకట్ట వచ్చింది. 1855 నాటికి పూర్తయి డెల్టాను పచ్చగా చేసింది. మెట్టకి ఆ నీళ్ళు ఎక్కలేదు. డెల్టా వాళ్ళకి బలుసాకు సామెతగా మిగిలింది, మా వాళ్ళకి ఇంకో వందేళ్ళపాటు కూరగానే ఉంది.

చిల్లగింజ సంగతి కూడా చెప్పాలి. ఇండుపగింజ అని కూడా అంటారు. మున్నేరుకి కొత్తనీరు వచ్చినప్పుడు నీళ్ళు బురదగా ఉంటే కుండ లోపలి అంచుకి ఆ గింజను అరగదీసేవారు. కాసేపటికి మట్టి అడుక్కి దిగిపోయేది. మా అమ్మమ్మ కుండ దగ్గర ఒక అరిగిన గింజ ఉండేది, పిల్లలు ముట్టుకుంటే ఊరుకునేది కాదు. ఫిల్టర్ నీళ్ళ క్యాన్లు వచ్చాక ఆ గింజ ఎప్పుడు పోయిందో ఎవరూ గమనించలేదు.

ధాత కరువు నడుస్తున్న రోజుల్లోనే ఇంకో పని జరిగింది. మద్రాసు ఉత్తర మండలం అటవీ అధికారి బెడ్డోమ్, బంజరు భూముల్లో వంటచెరకు కోసం ఒక మెక్సికో జాతి చెట్టు గింజలు కావాలని 1876లో పై అధికారులకి రాశాడు. 1877లో జమైకా నుంచి గింజలొచ్చాయి. కడప జిల్లా కమలాపురంలో నాటారు. అదే సర్కారు తుమ్మ. మనవాళ్ళు పేర్లు పెట్టడంలో ఎప్పుడూ పొరపడరు. ఎవరు తెచ్చారో ఆ చెట్టు పేరులోనే రాసిపెట్టారు. మేకలూ గొర్రెలూ తియ్యటి కాయలు తిని, గింజల్ని పెంటికల్లో మోసుకెళ్ళి చెరువు గర్భాల నుంచి గుట్టల దాకా చేర్చాయి. కొట్టేస్తే మొదట్లోంచి పది కొమ్మలు లేస్తాయి. దాని కింద గడ్డి సరిగ్గా మొలవదు. పక్షపాతం లేకుండా చెప్పాలంటే, అది చాలా పొయ్యిలు వెలిగించింది కూడా. గ్యాసు రాని రోజుల్లో మా మెట్ట ఆడవాళ్ళు కంప మోపులు నెత్తిన పెట్టుకుని వచ్చేవాళ్ళు. నెల్లూరు, ప్రకాశం వైపు యానాదులు దాని బొగ్గు కాల్చి బతికారు. సర్కారు తుమ్మని తిట్టేటప్పుడు ఆ మోపులు గుర్తుపెట్టుకోవాలి.

తమాషా ఏమిటంటే మన జమ్మి దీనికి దగ్గరి చుట్టమే. నిన్నమొన్నటిదాకా శాస్త్రజ్ఞులు రెండింటినీ ఒకే ప్రజాతిలో పెట్టారు, ఈమధ్యే వేరుచేశారు. దసరాకి జమ్మి ఆకు కోసం ఊళ్ళో పరుగెత్తే పిల్లలు చుట్టూ వందల ఎకరాల్లో దాని సవతి తమ్ముడి మధ్యనుంచే పరుగెత్తుతారు.

గీతలు గీసిన అడవిని జనం ఎలా తీసుకున్నారన్నదానికి జవాబు కృష్ణకి అవతలి ఒడ్డున ఉంది. ముక్త్యాల రేవులో నిలబడితే ఎదురుగా కనపడేది పల్నాడు. 1921లో అక్కడి రైతులు పశువుల్ని అడవిలో మేపుకోవడానికి పుల్లరి కట్టం అన్నారు. మించాలపాడు కన్నెగంటి హనుమంతు ఆ ఉద్యమానికి నాయకుడు. 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. స్కూలు పుస్తకాల్లో ఇది స్వాతంత్ర్య పోరాటంలో ఒక పేరాగా వస్తుంది. నేను దీన్ని అడవి చరిత్రలో కూడా పెడతాను. గుట్టకీ ఊరికీ మధ్య రోజూ ఉండే రాకపోకల్ని రసీదుగా మార్చినప్పుడు, ఆ గుట్ట నాది అనుకునే మనిషి మాయమవుతాడు. ఫారెస్టు వాడిది కాబట్టి దొరికినంత కొట్టుకుపోదాం అనే మనిషి వస్తాడు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఈ లెక్క పెద్దగా మారలేదు. 1950లో కె. ఎం. మున్షీ వనమహోత్సవం మొదలుపెట్టాడు. అప్పటినుంచి మనకి అడవి అంటే గొయ్యి, మొక్క, చెంబుడు నీళ్ళు, ఫోటో.

మెట్టకి నీళ్ళు రావడం వేరే కథ. ముక్త్యాల రాజా కాళ్ళరిగేలా తిరిగాడు. 1955 డిసెంబరులో నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశాడు, 1967లో కాలవలకి నీళ్ళు వదిలారు. ఎడమ కాలవ మా వైపుకి వచ్చింది. ఆ నీళ్ళు వరి, పత్తి, మిర్చి తెచ్చాయి. కాలవ చివర ఉన్నవాడికి మాత్రం ఏటా అనుమానమే. కూలి రేట్లు పెరిగాయి, పిల్లలు హైదరాబాద్ వెళ్ళారు. అప్పుడు నందిగామ, కంచికచర్ల, జగ్గయ్యపేట పొలాల్లోకి సుబాబుల్ దిగింది. ఒకసారి వేస్తే మూడు నాలుగేళ్ళకి నరకొచ్చు, మళ్ళీ మొదళ్ళే లేస్తాయి, కాగితం మిల్లు కొంటుంది. రైతుని తప్పుపట్టేదేం లేదు. కలప రేటు కోసం వాళ్ళు రోడ్డెక్కిన సంగతి ఆ ప్రాంతంలో అందరికీ తెలుసు. మీరు చదివి పక్కన పెట్టిన తెలుగు నవలలో మా నందిగామ పొలం ఉండే అవకాశం బాగానే ఉంది. కానీ సుబాబుల్ గింజ పొలం గట్టు దగ్గర ఆగదు. కాలవ గట్ల మీదా, గుట్టల మొదట్లోనూ చిక్కగా మొలుస్తుంది. దాన్ని బంతిగా చుట్టి గుట్ట మీదకి మోసుకెళ్ళాల్సిన అవసరం ఎవరికీ లేదు.

ఇక్కడ ఒకటి స్పష్టం చేసుకోవాలి. 'స్థానికం', 'విదేశీ' అని చెట్లకి పౌరసత్వ పరీక్ష పెట్టే ఉత్సాహం నాకు లేదు. మా మిర్చి అమెరికాది. సీతాఫలం, పేరులో సీతమ్మని పెట్టుకున్నా, సముద్రం దాటే వచ్చింది. సీతాఫలాలమ్మే ముసలమ్మ దగ్గరికెళ్ళి ఆ మాట అంటే నవ్వుతుంది. అడగాల్సింది ఒకటే. ఈ చెట్టు వచ్చాక పక్కన ఇంకేమన్నా బతుకుతోందా? వయ్యారిభామ బతకనివ్వదు. 1950ల్లో పూణే దగ్గర మొదట కనపడి, విదేశీ గోధుమల్లో వచ్చిందని పేరుపడి, దేశమంతా పాకింది. సర్కారు తుమ్మ బతకనివ్వదు. మిర్చి మడి దాటి బయటికి రాదు.

మెట్ట గుట్టల్లో నిజంగా ఏం జరుగుతుందో మొదటిసారి ప్రభుత్వమే పెద్ద ఎత్తున చూపించిందంటే అది వన సంరక్షణ సమితుల కాలంలో. 1992లో ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి అటవీ యాజమాన్యం ఉత్తర్వు వచ్చింది. ప్రపంచ బ్యాంకు డబ్బు తోడైంది. ఊరివాళ్ళే సమితిగా ఏర్పడి పక్క గుట్టని కాపాడాలి, వచ్చే ఫలసాయంలో వాటా వాళ్ళది. దాని లోపాల మీద బోలెడు రాశారు. పోడు భూములు లాక్కున్నారన్న ఆరోపణ ఉంది, పెత్తనం చివరికి అటవీ శాఖదే అన్న విమర్శ ఉంది. రెండూ నిజమే. కానీ ఆ గొడవల్లో ఒక మామూలు విషయం మరుగునపడింది. చాలాచోట్ల అడవి వెనక్కొచ్చింది నాటిన మొక్కల నుంచి కాదు, మోళ్ళ నుంచి. నరికీ నరికీ నేలమట్టమైన చండ్ర, బిల్లుడు, తునికి మొదళ్ళు భూమిలో బతికే ఉన్నాయి. గొడ్డలి, నిప్పు, మేత కొన్నేళ్ళు ఆగితే చాలు, అవే లేచాయి. మనుషులు చేసిందల్లా గుత్తిగా లేచిన పిలకల్లో బలమైనదాన్ని ఉంచి తక్కినవి కోసేయడం. బోడిగుట్ట అనుకున్నది నిజానికి తలకిందులుగా ఉన్న అడవి. చెట్లన్నీ నేల కిందే ఉన్నాయి. ప్రాజెక్టు డబ్బు ఆగాక చాలా సమితులు పేరుకే మిగిలాయి. కాపలా ఆగిన చోట గొడ్డలి తిరిగొచ్చింది.

మన దగ్గర దీన్ని డబ్బు మీద ఆధారపడకుండా చేసి చూపించిన చోటు అనంతపురం మెట్టలో ఉంది. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో కొందరు కలిసి 32 ఎకరాల పనికిరాని నేల కొని తింబక్టు అని పేరుపెట్టుకున్నారు. అక్కడ మొదలైన పని చుట్టుపక్కల ఊళ్ళకి పాకి కల్పవల్లి అనే వేల ఎకరాల ఉమ్మడి గుట్టల సంరక్షణ దాకా వెళ్ళింది. వాళ్ళ పనిలో పెద్ద భాగం మా మెట్ట సమితుల పనిలాంటిదే. వేసవిలో నిప్పు పాకకుండా అడ్డుగీతలు కొట్టడం, కాపలా కాయడం, ఆగడం. ఈత చెట్లు వాటంతటవే లేచాయి, బోద గడ్డి వచ్చింది, ఊళ్ళవాళ్ళకి చీపుళ్ళు, బుట్టలు, పశువులకి మేత వచ్చాయి. తోడేళ్ళు తిరుగుతున్నాయి. తర్వాత అవే గుట్టల మీదకి గాలిమరలు, వాటి కోసం రోడ్లు వచ్చాయి. రికార్డుల్లో ఆ నేల ఇంకా బంజరే కదా, అందుకని. 1882 నాటి మాట ఇంకా పనిచేస్తూనే ఉంది.

ఇలాంటి పనికి ప్రపంచంలో ఒక పద్ధతి, పేరు తెచ్చినవాళ్ళు ఇద్దరు అక్కచెల్లెళ్ళు. ఐలీన్, జోన్ బ్రాడ్లీ. సిడ్నీ పక్కన మోస్మన్‌లో ఉండేవారు. 1960ల్లో రోజూ కుక్కతో నడకకి వెళ్ళే పొదల అడవిలో కలుపు పాకడం చూసి చేత్తో పీకడం మొదలుపెట్టారు. మున్సిపాలిటీ వాళ్ళు కలుపు ఎక్కువున్న చోట యంత్రాలతో చెక్కేసేవారు, మరుసటేడు అంతకన్నా చిక్కగా మొలిచేది. వీళ్ళు తిరగేశారు. బాగున్న అడవి దగ్గర మొదలుపెట్టాలి, అక్కడ దూరిన ఒకటీ అరా కలుపు తీయాలి, అంచు నుంచి చెడ్డ చోటు వైపు నెమ్మదిగా జరగాలి. తీసిన చోట మట్టిని, రాలిన ఆకుని మళ్ళీ సర్దాలి. స్థానిక మొక్కలు ఎంత వేగంగా ఆ ఖాళీని నింపుతాయో అంతకంటే వేగంగా పీకకూడదు. కొత్తగా ఏమీ నాటరు. మట్టిలో ఉన్న గింజల మీదే నమ్మకం. వాళ్ళిద్దరూ పోయాక ఇవాళ ఆస్ట్రేలియాలో వేలమంది స్వచ్ఛందంగా ఆదివారం పూట చేసే పని ఇదే. మన పొలాల్లో కలుపు తీసే ఆడవాళ్ళకి ఇందులో కొత్తేమీ ఉండదు. మంచి పైరున్న మడి ముందు శుభ్రం చేసుకుంటారు. మనం ఎన్నడూ ఆ చేతుల్ని గుట్ట మీదకి పిలవలేదు, అంతే.

ఇక్కడ మీలో చాలామంది అడగబోయే పేరు నాకు తెలుసు. మా పక్క జిల్లా ఖమ్మం, రెడ్డిపల్లి. వనజీవి రామయ్య. 2017లో పద్మశ్రీ, 2025 ఏప్రిల్ 12న మరణం. కోటికి పైగా మొక్కలు నాటాడని చెప్తారు. మెడలో 'వృక్షో రక్షతి రక్షితః' బోర్డు, మామూలు బండి మీద మొక్కలు, భార్య జానమ్మ తోడు. ఆయన్ని తలుచుకునేటప్పుడు అందరూ అంకె దగ్గర ఆగిపోతారు. నాకు అంకె కన్నా ఆయన వేసవి పనే పెద్దదిగా కనిపిస్తుంది. ఎండాకాలమంతా చెట్ల కింద తిరిగి గింజలు ఏరేవాడు. ఏ చెట్టు గింజ ఎప్పుడు రాలుతుందో తెలియాలి, ఏది పచ్చిగా నాటాలో, ఏది ఎండాలో తెలియాలి. వాన పడ్డాక కాలవ గట్ల మీద, రోడ్ల పక్కన వేసేవాడు. పాత రేకు ముక్కల మీద తనే నినాదాలు రాసి చెట్లకి కట్టేవాడు. ఆయన పనిచేసింది ఎక్కువగా నిజంగానే చెట్లు పోయిన చోట్ల, రోడ్ల పక్కన, గట్ల మీద. అక్కడ నాటడమే సరైన పని. గుట్ట వేరు, గట్టు వేరు. ఆయన వారసులం అనుకునే మనం ఆ తేడా చూడకుండా రెండింటికీ ఒకే మందు వేస్తున్నాం. ఆయన గింజల జ్ఞానాన్ని వదిలేసి ఆయన అంకెని మాత్రం పట్టుకున్నాం. రాష్ట్ర ప్రభుత్వాల పథకాలు చూడండి. హరితహారం, వనం-మనం, పచ్చతోరణం. అన్నిట్లోనూ లెక్క నాటిన మొక్కలదే. బతికినవి ఎన్ని అని అడిగేవాళ్ళు తక్కువ, అక్కడ అంతకుముందు ఏముండేదని అడిగేవాళ్ళు ఇంకా తక్కువ. హరితహారంలో విరివిగా పెట్టిన కోనోకార్పస్‌ని తెలంగాణే తర్వాత ఆపమంది.

స్నేహితులకి ఇదంతా ఫోన్‌లో చెప్పబోతే ఒకమ్మాయి సూటిగా అడిగింది. "సరే అన్నా, మరి గుట్ట మీద ఏది ఏ మొక్కో మాకెలా తెలుస్తుంది? పీకమంటే బలుసునే పీకేస్తాం." న్యాయమైన ప్రశ్న. జవాబు ఏటా మన ఇంటికి వస్తూనే ఉంది. వినాయకచవితి పత్రి. ఇరవై ఒక్క ఆకులు. గరిక, ఉత్తరేణి, వాకుడు, ఉమ్మెత్త, రేగు, మారేడు, విష్ణుక్రాంత, వావిలి, జమ్మి, రావి, మద్ది, జిల్లేడు. ఇందులో చాలా వరకు గుట్ట మొదట్లో, పొలం గట్టు మీద దొరికేవే. దేవుడి పేరుతో పిల్లల్ని ఏడాదికోసారి పొదల్లోకి పంపించి పరీక్ష పెట్టడం ఇది. భక్తి ఉన్నా లేకపోయినా ఆ పరీక్ష బాగుందని నా నమ్మకం. ఇప్పుడు పత్రి కట్ట ఇరవై రూపాయలకి బజార్లో దొరుకుతుంది, అందులో ఏ ఆకు ఏదో అమ్మేవాడు కూడా చెప్పలేడు. మిగతా తొమ్మిది తరగతులు గొర్రెలు కాసేవాళ్ళ దగ్గర చదవాలి. కిందటి ఆగస్టులో వేదాద్రి వైపు గుట్ట మీద ఒక పెద్దాయన దొరికాడు. "పెదనాన్నా, ఈ కంప ఏమిటి?" అని ఒక్కొక్కటే అడుగుతూ నడిచాను. గంటలో ముప్ఫై నాలుగు పేర్లు చెప్పాడు. ఏది మేక తింటుంది, ఏది తినదు, ఏది తింటే ఉబ్బుతుంది అన్న వివరాలతో సహా. చివర్లో "ఇయ్యన్నీ రాసుకుని ఏం జేత్తావయ్యా, గవర్మెంటోళ్ళవా?" అన్నాడు. కాదన్నాక కాస్త తేలికపడి ఇంకో నాలుగు చెప్పాడు. సర్కారుకీ గుట్టకీ మధ్య నూట నలభై ఏళ్ళ సంబంధం ఆ ఒక్క ప్రశ్నలో ఉంది.

తొందర ఎక్కడుందో చెప్తాను. నందిగామ దాటి ఇబ్రహీంపట్నం వైపు వెళ్తే కొండపల్లి అడవి. ముప్ఫై వేల ఎకరాల రిజర్వు, కృష్ణా పరిసరాల్లో మిగిలిన ఆఖరి పెద్ద అడవి. చిరుతలున్నాయి. ఒకపక్క థర్మల్ స్టేషను, ఇంకోపక్క కంకర క్వారీలు. అంచుల్లో గ్రావెల్ దొంగతవ్వకాలు చాలాసార్లు వార్తలకెక్కాయి. కొండపల్లి బొమ్మ మీ ఇంట్లో ఉంటే, ఏనుగు అంబారీయో దశావతారాలో, ఒకసారి చేతిలోకి తీసుకోండి. చెక్కలా బరువుండదు. అది తెల్లపొణికి. మెత్తగా, తేలిగ్గా ఉండి ఉలికి వెన్నలా తెగుతుంది. చేతులు, కాళ్ళు వేరుగా చెక్కి, చింతగింజల పిండి, రంపంపొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆ బొమ్మలు తరతరాలుగా నిలబడింది ఒకే చెట్టు మీద. ఆ చెట్టు ఇప్పుడు కరువు. కారణాలు రెండు కలిశాయి. ఒకటి, నరికినంత వేగంగా రాలేదు. రెండు, చెట్టు స్వభావం. పొణికిలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. దగ్గర్లో రెండూ లేకపోతే గింజ లేదు. గింజ వచ్చినా పెంకు రాయిలా ఉంటుంది, మొలకెత్తడానికి ఏళ్ళు పట్టొచ్చు, చాలావరకు మొలకెత్తదు కూడా. అటవీ శాఖ, బొమ్మల కళాకారులు కలిసి నర్సరీల్లో మొక్కలు పెంచి నాటుతున్నారు. మంచిదే, జరగాల్సిందే. నాటిన పొణికి ఉలి కిందకి రావడానికి ఎన్నో ఏళ్ళు పడుతుంది కాబట్టి, ఇవాళ నాటే చెయ్యి, దాన్ని చెక్కే చెయ్యి ఒకటి కాకపోవచ్చు.

ఈలోపు అడవిలో తనంతట తాను మొలిచిన పొణికి పిలక ఒకటి లాంటానా పొద కిందో సర్కారు తుమ్మ నీడలోనో ఉంటే, దానికి వెలుతురిచ్చే పని నర్సరీ చేయదు. ఆ పిలకను గుర్తుపట్టే కళ్ళు కావాలి. రిజర్వు లోపలికి మనం కత్తితో వెళ్ళకూడదు, చట్టం ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడం న్యాయమే. అటవీ శాఖ అనుమతితో, కొండపల్లి బొమ్మలవాళ్ళతో, గొర్రెల కాపరులతో కలిసి అలాంటి చిన్న జట్లు ఎందుకు ఉండకూడదని మాత్రం అడగొచ్చు. మా జగ్గయ్యపేట చుట్టుపక్కల రిజర్వు కాని గుట్టలు, దేవుడి మాన్యాలు, చెరువు గట్లు బోలెడు. అక్కడ మొదలుపెట్టడానికి పంచాయతీ ఒప్పుకుంటే చాలు.

మా వాళ్ళు సుబాబుల్ గింజలున్న బంతుల్ని విడదీసి పారేశారు. వేప, రేల బంతుల్ని హైవే పక్క గట్ల మీద వేశారు. తర్వాతి ఆదివారం ఆరుగురు, చేతులకి తోలు తొడుగులు వేసుకుని, వేదాద్రి పెద్దాయన్ని బతిమాలి వెంటబెట్టుకుని, ఊరివాళ్ళకి చెప్పి ఒక చిన్న గుట్ట ఎక్కారు. మంచి పొద ఉన్న వైపు నుంచి మొదలుపెట్టారు. మధ్యాహ్నానికి మంచం పరిచినంత జాగా శుభ్రమైంది. సర్కారు తుమ్మ లేతమొక్కలు పన్నెండు, వయ్యారిభామ ఒక మోపు. వాటి మధ్య బలుసు రెండు, కలివి ఒకటి, ఊడుగ పిలక ఒకటి, ఇంకోటి పెద్దాయనకే తెలియలేదు. పూసినప్పుడు చూద్దాం అన్నాడు.